బడి గోడ మీద ఎవరి దేవుడు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే విషయానికి ఇస్తున్నాను. అమెరికాలోని మన వాళ్లు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల పబ్లిక్ స్కూళ్ల గురించీ, అక్కడ కనబడే మత చిహ్నాల గురించీ ఉన్నాయి. నేను లాయర్ని కాను. ఈ దేశపు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ స్టడీస్ చెప్పి రిటైరైన టీచర్ని. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదు, ఎవరి మతాచరణకూ అడ్డు రాకూడదు అనే రాజ్యాంగం మొదటి సవరణ ఏటా చెప్పిన పాఠం, ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టని పాఠం. ఆ అనుభవంతో రాస్తున్నాను. వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే లాయరునే కలవండి. ఉత్తరాలు రాసిన వారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మేం డాలస్‌కు ఉత్తరాన ఉంటాం. మా పాప మూడో తరగతి. క్లాసులో తలుపు పక్కన బైబిలులోని పది ఆజ్ఞల పోస్టరు పెట్టారు. ఇంటికొచ్చి "అమ్మా, దేవుడి బొమ్మలు చేసుకోకూడదట, మరి మన పూజగదిలో ఉన్నవన్నీ తప్పా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. స్కూలుకు రాద్దామంటే మా వారు వద్దంటున్నారు. "హెచ్ వన్ బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు లైన్లో ఉంది, మనకెందుకు ఈ గొడవ" అంటారు. ఏం చేయమంటారు?
(ఒక తల్లి, టెక్సస్)

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం. ఆ వయసు పిల్లకు రాజ్యాంగం అక్కర్లేదు, అమ్మ మొహంలో కంగారు కనబడకపోతే చాలు. "అది కొందరికి పవిత్రమైన పుస్తకంలోని మాట తల్లీ. వాళ్లింట్లో వాళ్ల పద్ధతి, మనింట్లో మన పద్ధతి. మనం దీపం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు" అని చెప్పండి. ఈ విషయం మీద క్లాసులో ఎవరితోనూ వాదం పెట్టుకోవద్దని కూడా చెప్పండి. ఆ వాక్యాలను ప్రాణంగా చూసుకునే పిల్లలు అదే గదిలో కూర్చుంటారు.

ఇక పోస్టరు. 2025లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం ప్రతి తరగతి గదిలో, కొట్టొచ్చినట్టు కనబడే చోట, కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న పోస్టరు ఉండాలి. అందులో ఏ మాటలుండాలో కూడా చట్టమే రాసి ఇచ్చింది. నేను తప్ప నీకు వేరే దేవుళ్లు ఉండకూడదన్నది మొదట వస్తుంది, విగ్రహాలు చేసుకోకూడదన్నది ఆ వెంటనే వస్తుంది. మీ పాప పొరబడలేదు. ఉన్నది ఉన్నట్టే చదివింది.

దొంగతనం చేయకు, హత్య చేయకు అన్న మాటలు ఎవరికి చేదు అని అడిగేవారున్నారు. వాటితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎవరిని కొలవాలో, ఎలా కొలవాలో చెప్పే ఆ మొదటి వాక్యాలతోనే. అవే మాటలు చర్చిలో పాస్టరు చెబితే, వినాలని వెళ్లినవాళ్లు వింటారు. బడికి పిల్లలు ఇష్టపడి రారు, చట్టం రమ్మంటుంది గనుక వస్తారు. ఏడాది పొడవునా, రోజూ గంటల తరబడి, ఆ గోడకు ఎదురుగా కూర్చుంటారు.

టీచరుగా నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. మీ పాప ఆ ప్రశ్న ఇంట్లో అడిగింది గనుక సరిపోయింది. క్లాసులోనే టీచరును అడిగి ఉంటే? "అవును, తప్పే" అంటే అది మతబోధ. "తప్పేం కాదు" అన్నా మతబోధే. "ఇంటికెళ్లి అమ్మనడుగు" అనడం తప్ప ఆవిడకు దారి లేదు. నా క్లాసులో గోడకు అంటించిన ప్రతి కాగితమూ ఏదో ఒక రోజు పాఠంలోకి వచ్చేది. పిల్లలు వేలు పెట్టి అడిగితే విప్పి చెప్పే వీలులేని కాగితం టీచరుకూ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు.

ఇది కొత్త గొడవ కాదు. 1978లో కెంటకీ రాష్ట్రం ఇలాంటి చట్టమే చేసింది. పోస్టర్లు విరాళాల డబ్బుతోనే కొన్నారు. 1980లో స్టోన్ వర్సెస్ గ్రాహం కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని కొట్టేసింది. డబ్బు ఎవరిదైనా ఆ పోస్టరు వెనకున్నది ప్రభుత్వ అధికారమేనంది. మరి మళ్లీ ఎందుకు తలెత్తింది? 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఫుట్‌బాల్ కోచ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం మతానికి కొమ్ము కాస్తోందో లేదో తేల్చడానికి అప్పటిదాకా దిగువ కోర్టులు 1971 నాటి ఒక తీర్పు ఆధారంగా వాడుతూ వచ్చిన కొలమానాన్ని పక్కనపెట్టింది. ఇకమీదట చరిత్రనూ ఆచారాన్నీ చూసి తేల్చాలంది. పాత కొలమానం పోయింది గనుక పాత తీర్పు కూడా పోతుందన్న ఆశతో లూసియానా 2024లో, ఆర్కాన్సా, టెక్సస్ 2025లో చట్టాలు చేశాయి. మూడు చోట్లా తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. టెక్సస్‌లో దావా వేసిన కుటుంబాల్లో యూదులూ, క్రైస్తవులూ, హిందువులూ, ఏ మతమూ లేనివారూ ఉన్నారు. 2025 ఆగస్టులో శాన్ ఆంటోనియో జడ్జి ఫ్రెడ్ బీరీ ప్లేనో, ఫోర్ట్ బెండ్ సహా 11 స్కూల్ డిస్ట్రిక్టుల్లో చట్టాన్ని ఆపారు. నవంబరులో మరో జడ్జి ఇంకొన్ని డిస్ట్రిక్టుల్లో ఆపారు. ఆ తర్వాత టెక్సస్, లూసియానా కేసులు రెండూ అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం ముందుకు వెళ్లాయి. అప్పట్లో ఒకే ఊరి చుట్టూ ఒక డిస్ట్రిక్టులో పోస్టరు ఉండి, పక్క డిస్ట్రిక్టులో లేకపోవడానికి కారణం ఆ ఉత్తర్వులే. కాబట్టి వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి. మా డిస్ట్రిక్టుకు సంబంధించి ఇవాళ్టికి ఏ కోర్టు ఉత్తర్వు అమల్లో ఉంది, దాని ప్రకారం మీరేం చేస్తున్నారు అని స్కూల్ బోర్డుకు ఈమెయిలు పెట్టండి. జవాబు రాతలో తీసుకోండి.

మీ వారి భయం నాకు తెలుసు. మనలో చాలామంది ఇళ్లలో ఆ భయం ఉంది. కానీ మొదటి సవరణ పౌరులకు మాత్రమే రాసింది కాదు. బడికి మర్యాదగా ఒక ఉత్తరం రాయడం ఏ వీసా షరతునూ మీరడం కాదు. కోర్టుకు వెళ్లేవారికి సైతం పేరు దాచుకునే దారి ఉంది. టెక్సస్‌లోనే సాంటా ఫే అనే ఊళ్లో ఫుట్‌బాల్ ఆటలకు ముందు మైకులో చేసే ప్రార్థన మీద రెండు కుటుంబాలు 'డో' అన్న మారుపేరుతోనే పోరాడాయి. వాళ్లెవరో ఆరా తీస్తే కఠినంగా శిక్షిస్తానని కింది కోర్టు జడ్జి ముందే హెచ్చరించారు. 2000లో సుప్రీంకోర్టు 6–3తో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

ఉత్తరంలో టీచరును నిందించకండి. పోస్టరు ఆవిడ పెట్టింది కాదు. పాప అడిగిన ప్రశ్నను ఆ మాటల్లోనే రాయండి. దానికి మించిన వాదన మీకు అక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, పది ఆజ్ఞలు తీసెయ్యమనడం ఎందుకండీ? మనం కూడా సరస్వతీదేవి పటం, ఒక గీతా శ్లోకం పెట్టమని అడుగుదాం. అన్ని మతాలవీ పెడితే అందరూ సమానమే కదా. మన దేశంలో బడి ప్రార్థనతోనే మొదలయ్యేది. మనమేమైనా చెడిపోయామా?
(ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: వద్దండి. సరస్వతి మీద భక్తి లేక ఈ మాట అనడం లేదు, భక్తి ఉండబట్టే అంటున్నాను.

మీరు అడిగినంత మాత్రాన పెట్టరు, అది మొదటి సంగతి. యూటాలో ప్లెజెంట్ గ్రోవ్ అనే ఊరి పార్కులో పది ఆజ్ఞల రాయి ఉంది. సమ్మమ్ అనే చిన్న మతశాఖ వాళ్లు తమ ఏడు సూత్రాల రాయి కూడా పక్కన నిలపమన్నారు. ఊరు కుదరదంది. 2009లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకమై ఊరి పక్షాన తీర్పిచ్చారు. పార్కులో శాశ్వతంగా నిలిపే రాయి ప్రభుత్వం పలికే మాట, తన మాట ఏదో ప్రభుత్వమే ఎంచుకుంటుంది అన్నారు. అంటే ఒకసారి తలుపు తెరిస్తే లోపలికి ఎవరు రావాలో తేల్చేది సంఖ్యాబలం ఉన్నవాళ్లే. ఆ బలం మనకు ఏ రాష్ట్రంలో ఉంది?

రెండోది, మీ న్యూజెర్సీలోనే జరిగింది. 1970ల్లో అక్కడ కొన్ని హైస్కూళ్లలో మహర్షి మహేశ్ యోగి వారి ధ్యానాన్ని ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. మంత్రం తీసుకోవాలంటే పిల్లలు ఒక ఆదివారం స్కూలు బయట జరిగే పూజకు పళ్లూ, పూలూ, చేతిరుమాలూ పట్టుకుని వెళ్లాలి. టీచరు గురుదేవుల పటం ముందు సంస్కృతంలో చదివేవారు. తల్లిదండ్రులు కొందరు కోర్టుకు వెళ్లారు. 1979లో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇది మతమే, ప్రభుత్వ బడిలో కుదరదు అని తేల్చింది. మన వాళ్లలో కొందరు దీన్ని అన్యాయంగా చెబుతుంటారు. నా లెక్కన అది సరైన తీర్పు. ఆ పూజ ముందు ఒక బాప్టిస్టు పిల్లవాడో, యూదుల పిల్లో చేతిలో పువ్వు పట్టుకుని నిలబడి ఏమనుకుని ఉంటారో, ఇవాళ టెక్సస్‌లో ఆ మూడో తరగతి పాప అదే అనుకుంటోంది.

పోనీ అన్ని మతాలకూ సరిపడేది ఒకటి పెడదామంటారా? న్యూయార్క్ ఆ పని చేసి చూసింది. ఎవరినీ నొప్పించకుండా 22 ఆంగ్ల పదాల ప్రార్థన ఒకటి అధికారులే తయారుచేశారు. 1962లో ఎంగెల్ వర్సెస్ విటాలే కేసులో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ప్రార్థన రాయడం ప్రభుత్వం పని కానే కాదంది. నాకు ఆ తీర్పులో బాగా నచ్చేది ఈ ముక్కే. ఆలోచించండి, మన తెలుగువాళ్లలోనే గీత నుంచి ఏ శ్లోకం ఎంచాలో ఎవరు తేలుస్తారు? వీరశైవుల ఇంట్లో ఒకటి, వైష్ణవుల ఇంట్లో ఒకటి. మనలో ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టుల మనవలున్నారు. ఈ పంచాయితీ ఒక స్కూల్ బోర్డు మెంబరు చేతిలో పెడదామా?

మన దేశం సంగతి ఎత్తారు గనుక చెబుతున్నాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని భారత రాజ్యాంగం 28వ అధికరణంలోనూ ఉంది. నేనూ పొద్దున్నే వరసలో నిలబడి సరస్వతీ ప్రార్థన చదివినదాన్నే. నా పక్కన నిలబడే ముస్లిం స్నేహితురాలు పెదవులు బిగబట్టి నేల చూస్తుండేది. ఆ ప్రార్థన వల్ల నేను చెడిపోలేదు, నిజమే. ఆ పిల్లకు ఎలా ఉండేదన్నది ఎవరూ అడగలేదు. ఈ దేశంలో ఆ పిల్ల చోట నిలబడింది మన పిల్లలు.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె, తాతముత్తాతల నుంచి బాప్టిస్టులం. ఇప్పుడు జార్జియాలో ఉన్నాం. దేవుని మాట పిల్లల కళ్ల ముందుంటే మంచిదే కదా? తుపాకులూ, మత్తుమందులూ బడి దాకా వచ్చిన రోజుల్లో దేవుణ్ణి బడి నుంచి వెళ్లగొట్టడం న్యాయమా?
(ఒక తల్లి, జార్జియా)

జవాబు: చెల్లీ, వందనాలు. మీ ఉత్తరం రావడం నాకు సంతోషం. ఈ విషయంలో మీ బాప్టిస్టుల మాటే ముందు చెప్పుకోవాలి.

'మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ' అన్న మాట జెఫర్సన్ 1802 జనవరి 1న ఒక ఉత్తరంలో రాశాడు. ఎవరికి రాశాడు? కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టుల సంఘానికి. అప్పట్లో ఆ రాష్ట్రంలో వేరే శాఖది అధికారిక మతం. చర్చి పన్ను తప్పించుకోవాలంటే బాప్టిస్టులు ధృవపత్రం చూపించాలి. మా నమ్మకం ప్రభుత్వం దయతో ఇచ్చే రాయితీ కాకూడదు, అది మా హక్కు కావాలి అని వాళ్లు అధ్యక్షుడికి మొరపెట్టుకున్నారు. అంతకు చాలాముందే, 1644లో, అమెరికాలో తొలి బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పిన రోజర్ విలియమ్స్ చర్చి అనే తోటకూ లోకమనే అడవికీ నడుమ గోడ ఉండాలన్నాడు. ఆయన బెంగ అంతా తోట గురించే. నాస్తికులు కట్టిన గోడ కాదమ్మా ఇది, దేవుణ్ణి గాఢంగా నమ్మినవాళ్లు అడిగి కట్టించుకున్నది.

ఒంగోలు చరిత్ర మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఒక ముక్క గుర్తుచేస్తాను. 1876–78 ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చిపడుతున్నా ఆ సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూడు పెట్టే చేత్తోనే మతంలో కలుపుకుంటే, వచ్చినవాడు కూటికొచ్చాడో దేవుడికొచ్చాడో తెలియదని ఆయన పట్టుదల. సాయం ముగిశాక, 1878 జులైలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బడికి రాక తప్పని పిల్లల ముందు ప్రభుత్వం ఆజ్ఞలు వేలాడదీయడాన్ని ఆ పట్టుదల పక్కన పెట్టి చూడండి.

ఎవరి బైబిలు అన్న గొడవ కూడా ఈ దేశానికి కొత్త కాదు. 1844లో ఫిలడెల్ఫియాలో బళ్లలో ప్రొటెస్టెంట్ల బైబిలు చదివించడం మీద రగిలిన తగాదా అల్లర్లయింది. కాథలిక్కుల చర్చిలు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. పది ఆజ్ఞల లెక్క కూడా యూదులకూ, కాథలిక్కులకూ, ప్రొటెస్టెంట్లకూ ఒకటి కాదు. ఇవాళ్టి లూసియానా కేసు వేసినవారిలో పాస్టర్లు ఉన్నారు. సాంటా ఫేలో మారుపేరుతో పోరాడిన ఆ రెండు కుటుంబాల్లో ఒకటి కాథలిక్కులది, ఒకటి మోర్మన్లది.

దేవుణ్ణి బడి నుంచి వెళ్లగొట్టారన్న మాట నేను ఒప్పుకోను. మీ అబ్బాయి భోజనం ముందు తల వంచి ప్రార్థన చేసుకోవచ్చు. ఖాళీ సమయంలో బైబిలు చదువుకోవచ్చు. పొద్దున్నే జెండా స్తంభం దగ్గర స్నేహితులతో చేయి చేయి పట్టుకుని ప్రార్థించవచ్చు. బైబిలు గురించి సాహిత్యంగా, చరిత్రగా పాఠం చెప్పడం తప్పు కాదని, బడిలో బైబిలు పఠనాన్ని ఆపిన 1963 నాటి తీర్పులోనే ఉంది. ఆపింది ఒక్కటే: బడి తన నోటితో ప్రార్థన చేయించడం. తుపాకుల గురించీ మత్తుమందుల గురించీ మీ బెంగ న్యాయమైనది. దానికి కౌన్సెలర్లు కావాలి, చిన్న క్లాసులు కావాలి, పిల్లల పేర్లు తెలిసిన పెద్దలు కావాలి. పోస్టరు పెట్టి ఆ పని అయిపోయిందనుకునే చట్టసభ మీద నాకు కోపం ఉంది.

ప్రశ్న: ఆంటీ, నేను టెన్త్ గ్రేడ్. అప్పుడప్పుడు కుంకుమ బొట్టు పెట్టుకుని వెళ్తాను, చేతికి ఎర్రదారం ఉంటుంది. పీఈ (వ్యాయామం) క్లాసులో దారం తీసెయ్యమన్నారు. అలా అనొచ్చా? ఇంకొకటి, మా స్కూల్లో హిందూ స్టూడెంట్స్ క్లబ్ పెట్టుకోవచ్చా? అమ్మ నాతో తెలుగులో రాయించింది.

జవాబు: తెలుగు చక్కగా రాశావు, అమ్మకు నా మాటగా చెప్పు.

బొట్టు నీది. గోడ బడిది. ఈ తేడా పట్టుకుంటే సగం ప్రశ్నలకు జవాబు నీకే దొరుకుతుంది. 1969లో టింకర్ కేసులో, వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని వచ్చిన పిల్లల గురించి సుప్రీంకోర్టు, విద్యార్థులు తమ హక్కులను బడి గేటు దగ్గర వదిలేసి రారు అంది. సిలువ గొలుసు, హిజాబ్, యూదుల టోపీ, నీ బొట్టు అన్నీ ఆ నీడలోకే వస్తాయి. నా క్లాసులో రోజూ విభూతి పెట్టుకొచ్చే తమిళుల అబ్బాయి ఒకడుండేవాడు, కొత్తలో బాగా బిడియపడేవాడు. ఒక యాష్ వెన్స్‌డే నాడు కాథలిక్ పిల్లలంతా నుదుటి మీద బూడిద సిలువలతో వచ్చేసరికి వాడి మొహం వెలిగిపోయింది. ఆ రోజంతా వాళ్లతో కూర్చుని ఎవరి బూడిద ఎక్కడి నుంచి వస్తుందో చెప్పుకున్నారు. బడిలో మతం ఉండాల్సింది ఇలాగే.

పీఈ విషయం వేరు. గాయాలు కాకుండా చేతికి ఏమీ ఉండకూడదన్న నియమం అందరికీ ఒకటే అయితే అది నీ మతం మీద దాడి కాదు. దారం మీద బ్యాండేజీ లాంటిది చుట్టుకుంటాను, సరేనా అని కోచ్‌ను అడుగు. ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు ఉండనిచ్చి నీ దారం ఒక్కటే తియ్యమంటే అప్పుడు అమ్మానాన్నలు ప్రిన్సిపల్‌కు రాయాలి.

క్లబ్ తప్పకుండా పెట్టుకోవచ్చు. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే హైస్కూలు, పాఠాలతో సంబంధం లేని క్లబ్ ఒక్కటి నడవనిచ్చినా, మీది కాదనకూడదు. ఒమాహాలో క్రైస్తవ పిల్లల బైబిలు క్లబ్ కోసం వచ్చిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. వాళ్లు గెలిచిన హక్కు మీద మీరు నిలబడతారు. షరతు ఏమిటంటే మీరే మొదలుపెట్టాలి, మీరే నడపాలి. టీచరు గదిలో ఉండొచ్చు గానీ భజన చేయించకూడదు.

ప్రశ్న: మా బాబుకు తిరుపతి మొక్కు ఉంది, తలనీలాలు ఇచ్చేదాకా జుట్టు కత్తిరించం. కిండర్‌గార్టెన్‌లో మగపిల్లల జుట్టు కాలరు దాటకూడదంటున్నారు. ఇది మా శాస్త్రంలో తప్పనిసరి అని నిరూపించాలా?
(ఒక తండ్రి, హ్యూస్టన్ దగ్గర)

జవాబు: అక్కర్లేదు. మీ రాష్ట్రంలోనే, నీడ్‌విల్ అనే ఊళ్లో, మూలవాసుల కుటుంబానికి చెందిన చిన్నపిల్లవాడికి ఇదే ఇబ్బంది వచ్చింది. జడలు చొక్కాలో దాచుకోవాలని బడి అంది. 2010లో అయిదో సర్క్యూట్ కోర్టు పిల్లవాడి పక్షాన తీర్పిచ్చింది. దానికి ఆధారం 1999 నాటి టెక్సస్ మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం. ఆ చట్టంలో, ఆచారం మతానికి ప్రధానమా, తప్పనిసరా అని తేల్చనక్కర్లేదని స్పష్టంగా ఉంది. నమ్మకం నిజాయితీగా ఉంటే చాలు.

మొక్కు అంటే ఏమిటో, ఎప్పటికి తీరుస్తారో ఒక పేజీలో రాసి ఇవ్వండి. చాలా డిస్ట్రిక్టుల్లో మతపరమైన మినహాయింపుకు ఫారం ఉంటుంది, అడగండి. జుట్టు ముడి వేసి పంపుతామని మీరే అంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. కాదంటే, దావాకు ముందు ఆ చట్టం కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అక్కడి నుంచి లాయరు పని.

ప్రశ్న: నేను పెన్సిల్వేనియాలో సబ్‌స్టిట్యూట్ టీచర్ని. బొట్టు, మంగళసూత్రం పర్వాలేదా? బల్ల మీద చిన్న వినాయకుణ్ణి పెట్టుకోవచ్చా?

జవాబు: బొట్టుకూ మంగళసూత్రానికీ ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ఇప్పుడు అని ఎందుకంటున్నానంటే, మీ రాష్ట్రంలో టీచర్లు మత చిహ్నాలు ధరించకూడదన్న 1895 నాటి చట్టం 2023 దాకా పుస్తకాల్లోనే ఉంది. కాథలిక్ సన్యాసినుల దుస్తులను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం అది. ఇలాంటిది ఆఖరుగా రద్దు చేసింది పెన్సిల్వేనియానే.

వినాయకుడు మాత్రం వద్దు. ఒంటి మీద ఉన్నది మీ నమ్మకం. బల్ల పిల్లల ఎదుట ఉంటుంది, ఆ గదిలో మీ మాట ప్రభుత్వం మాట. పర్సులో పెట్టుకోండి, లంచ్ టైములో కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకోండి. పిల్లలను కలుపుకోనంతవరకు అది మీ సొంత వ్యవహారం.

ప్రశ్న: మా పిల్లల స్కూల్లో యోగా పెట్టారు, కానీ 'నమస్తే' అనకూడదట. అవమానం కాదా?
(అలబామా)

జవాబు: అలబామాలో 1993 నుంచి బళ్లలో యోగానే నిషేధం. 2021లో చట్టం చేసి ఆసనాలు అనుమతించారు. మంత్రాలూ, నమస్తే మాత్రం కూడదన్నారు, ఆసనాల పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో తల్లిదండ్రులు కొందరు యోగా మతమేనని దావా వేస్తే, సంస్కృతం తీసేసి నేర్పుతున్నారు గనుక అది వ్యాయామమేనని 2015లో అక్కడి అప్పీళ్ల కోర్టు తేల్చింది. మంత్రం తీసెయ్యడం నాకు సమ్మతమే. బడిలో మంత్రం చదివించకూడదని పైన నేనే రాశాను. నమస్తే మీద నిషేధం మాత్రం అజ్ఞానం. అది పలకరింపు. ఈ ఒక్క మాట తీయించడానికి మీ చట్టసభ్యుడికి రాయండి, నేనూ సంతకం పెడతాను.

ప్రశ్న: బడిలో జెండా ముందు చెప్పే ప్రతిజ్ఞ ప్లెజ్‌లో 'అండర్ గాడ్' అనాలని మా వాణ్ణి టీచరు బలవంతం చేస్తోంది. వాడికి ఇష్టం లేదు. శిక్షిస్తారేమోనని భయం.
(ఆస్టిన్)

జవాబు: ఆ రెండు మాటలు 1954లో చేర్చినవి. వాటి మాట అటుంచి, మొత్తం ప్లెజ్ చెప్పమని కూడా ఏ పిల్లవాణ్ణీ బలవంతం చేయకూడదని 1943లోనే సుప్రీంకోర్టు తేల్చింది. యుద్ధం నడుస్తోంది, జెండాకు వందనం చేయని యెహోవా సాక్షుల పిల్లలను బళ్ల నుంచి గెంటేస్తున్నారు. మూడేళ్ల ముందు అదే కోర్టు బడి పక్షాన తీర్పిచ్చి ఉంది. దాన్ని తిరగరాస్తూ జస్టిస్ రాబర్ట్ జాక్సన్, దేశభక్తిలోగానీ మతంలోగానీ ఏది సరైనదో శాసించే అధికారం పెద్దదైనా చిన్నదైనా ఏ అధికారికీ లేదన్నారు. నా క్లాసులో ఏటా పిల్లలతో పైకి చదివించిన తీర్పు అది.

టెక్సస్ చట్టం ప్రకారం తల్లి గానీ తండ్రి గానీ రాతపూర్వకంగా కోరితే బడి మినహాయించాలి. ఇవాళే రాసి ఆఫీసులో ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కారణం రాయనక్కర్లేదు.